గాలి పట్టిన లైను

"...అదే, అక్కడికే వస్తున్నా, ఇంతసేపు పట్టిందని విసుక్కోకండి, మొదలు చెప్పకుండా మధ్యలోంచి చెప్తే మీకేం అర్థమవుతుంది చెప్పండి, అందుకని ఆ నెట్టు డబ్బా మా ఇంటికొచ్చిన రోజు నుంచి ఎత్తుకున్నా, అది నా తప్పే, ఒప్పుకుంటున్నా, ఇంకో రెండే రెండు ముక్కలు చెప్పేసి అసలు సంగతిలోకి దూకేస్తా."

"అరగంట నుంచీ దూకుతూనే ఉన్నావు బావా," అన్నాడు టైలరు, మెడలో కొలతల టేపు సర్దుకుంటూ. "ఇంకా గట్టు మీదే ఉన్నావు."

పంపుల మేస్త్రీ పట్టించుకోలేదు. చేతిలో టీ గ్లాసు చల్లారిపోయి పైన మీగడ కూడా కట్టేసింది, అదీ పట్టించుకోలేదు. నోరు టీ కొట్టు బల్ల దగ్గరే ఉంది గానీ కళ్ళు మాత్రం ఎదురింటి మేడ మీద ఉన్నాయి. ఆ మేడ ఆయనదే. బయటవైపు మెట్లు, పైన చిన్న వసారా, వసారాకి ఇనప కటకటాలు. ఆ కటకటాల మీద ఎర్ర తువ్వాలు కనిపిస్తే ఈయన ఇంటికి వెళ్ళొచ్చు. అప్పటిదాకా వెళ్ళకూడదు. పొద్దున్నే భార్య చొక్కా చేతికిచ్చి మరీ చెప్పింది, "తువ్వాలు ఆరేసేదాకా మెట్టెక్కకు. దగ్గొచ్చినా అక్కడే దగ్గు."

ఎందుకంటే పైన కూతురికి ఇంటర్వ్యూ జరుగుతోంది. కంప్యూటర్లో. ఆ అమ్మాయి ఇళ్ళకి ప్లాన్లు గీస్తుంది, గోడ ఎక్కడ, కిటికీ ఎక్కడ, పైపులు ఎటునుంచి ఎటు అని. చిన్నప్పుడు తండ్రి సైకిల్ వెనకాల కూర్చుని కట్టే ఇళ్ళన్నీ తిరిగిన పిల్ల మరి. రెండేళ్ళుగా ఉద్యోగం కోసం చూస్తోంది. ఇరవై మూడు రోజుల కిందట ఒక ఇంటర్వ్యూ వచ్చింది, అది సగంలో చచ్చిపోయింది. ఇవాళ ఇంకో ఆఫీసువాళ్ళు పిలిచారు. ఈ ఇరవై మూడు రోజుల్లో ఆ అమ్మాయి తండ్రితో ఒక్క మాట మాట్లాడలేదు. కోప్పడినా బావుండేది, కోపం కూడా లేదు. "అమ్మా, ఆయన్ని భోజనానికి రమ్మను," అంటుంది, అంతే. నాన్న కాస్తా 'ఆయన' అయిపోయాడు.

అదిగో, ఆ మాట గుండెలో ముల్లులా దిగబడి ఉంది. అది కదిలినప్పుడల్లా ఈయన వచ్చి కొట్టు దగ్గర కూర్చుని కథ చెప్తాడు. నెట్టు స్లో అయితే తను ఎలా బాగుచేశాడో ఆ కథ. రోజుకి కొంచెం పెరుగుతోంది. మొదటి రోజు కథ ఇంట్లోనే అయిపోయింది, వారం తిరిగేసరికి వీధి చివరి స్తంభం దాకా వెళ్ళింది. ఇవాళ పైన ఇంటర్వ్యూ అవుతోంది. ఇవాళ కథ ఎంత దూరం వెళ్తుందో ఆయనకే తెలీదు.

బల్ల చివర ఎవరో కొత్త మనిషి కూర్చున్నాడు, ఒళ్ళో సంచీ, తలకి టోపీ, టీలో బిస్కెట్టు ముంచుకుని తింటున్నాడు. కొత్త చెవులు దొరికాయని మేస్త్రీ కొంచెం అటు తిరిగి కూర్చున్నాడు.

"ఆ రోజు అమ్మాయి 'నెట్టు స్లోగా ఉంది నాన్నా' అంది. అందరూ ఏం చేస్తారు? డబ్బా ఆపి మళ్ళీ ఆన్ చేస్తారు. నేనూ చేశా, కాదనను. ఆపి, పది లెక్కపెట్టి, ఆన్ చేశా. లాభం లేదు. తెర మీద ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది చూశారా, అది తిరుగుతోంది. తిరుగుతోందంటే ఎంతసేపని, నేను చూస్తూ ఉండగానే ఒక సాలీడు వచ్చి ఆ చక్రం పక్కనే గూడు కట్టుకుని, పిల్లల్ని పెట్టి, వాటిని పెంచి ప్రయోజకుల్ని చేసి పంపించేసింది, చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది."

"నిన్న సాలీడు లేదు," అంది టీ కొట్టు పిన్ని, పాలు కలుపుతూ. ఆవిడ ఈయనకంటే పదేళ్ళు చిన్న, అయినా అందరితోపాటు ఈయనా పిన్నీ అనే పిలుస్తాడు, ఆవిడ ఈయన్ని అన్నా అంటుంది. వరస కలవదు, ఎవరికీ పట్టింపు లేదు.

"నిన్న నువ్వు గిన్నెలు తోముతున్నావు, మధ్యలో ఆపుదామని సాలీడు దాకా వెళ్ళలేదు పిన్నీ. సరే. అప్పుడు డబ్బాకి చెవి ఆనించా. ముప్పై ఏళ్ళు, ఎన్ని పైపులకి చెవి పెట్టాను నేను, గోడ లోపల ఎక్కడ కారుతోందో చెవితో చెప్పేవాణ్ణి, నాకు ఈ డబ్బా ఎంత? విన్నా. లోపల ఒకటే బుస. బుస్సు, బుస్సు. వెంటనే తెలిసిపోయింది నాకు. గాలి పట్టింది."

"దేనికి?" అన్నాడు టైలరు.

"లైనుకి! ట్యాంకు నిండా నీళ్ళుంటాయి, కొళాయి తిప్పితే చుక్క రాదు, ఎందుకని? పైపులో గాలి పట్టేస్తుంది కాబట్టి. నెట్టు మాత్రం పైపులో రాట్లేదా? అదీ అంతే. పైగా ఇంకో రోగం ఉంది. పక్కింటివాళ్ళు మోటరు పెట్టి లాగేస్తున్నారు."

"నెట్టుకి మోటరేంటన్నా?"

"అదే పిన్నీ, ఎప్పుడో ఒకసారి అడిగారని మా ఆవిడ పాస్‌వర్డు చెప్పేసింది. ఇంకేముంది, అయిదుగురు మనుషులు అయిదు గదుల్లో అయిదు సినిమాలు చూస్తున్నారు, వాళ్ళింట్లో పిల్లి కూడా ఏదో చూస్తోంది. మన ఇంటికి చుక్కలు చుక్కలుగా రాక ఏం చేస్తుంది? అందుకని పాస్‌వర్డు మార్చేశా. మామూలుగా మార్చానా? ఎవడూ దొంగిలించకుండా, ఒకసారి చదవడం మొదలుపెడితే సాయంత్రానికి గానీ పూర్తి కాకుండా పెట్టా. మర్చిపోతానేమోనని గోడ మీద రాసుకుంటూ వెళ్ళా, వంటింటి గోడ అయిపోయింది, ముందుగది గోడ అయిపోయింది, మెట్ల పక్క గోడ కూడా అయిపోయి, రోడ్డు దాటి, ఇదిగో, ఈ కొట్టు గోడ దాకా వచ్చింది."

"నా గోడ మీద ఉన్నది మా అమ్మాయి గీసిన పిల్లి బొమ్మ అన్నా."

"అదే ఆఖరి అక్షరం."

టైలరు పడీ పడీ నవ్వాడు. మేస్త్రీ కూడా నవ్వబోయి ఓసారి మేడ వైపు చూశాడు. తువ్వాలు లేదు. వసారా తలుపు వేసే ఉంది. కిటికీకి కూడా లోపలినుంచి తెల్ల దుప్పటి కట్టారు, అమ్మాయి వెనకాల గోడ పెచ్చులు కనబడకూడదని. పోయినసారి కూడా అదే దుప్పటి. ఆ దుప్పటి మేకులకి కట్టి ఇచ్చింది తనే. ఆ పొద్దున అమ్మాయి కింద నిలబడి 'కొంచెం ఎడమకి నాన్నా, ఇంకొంచెం' అంటూ ఉంటే ఎంత బావుందో. అంతకంటే ఎక్కువ గుర్తుకు రాకుండా గబగబా కథలో పడ్డాడు.

"ఆ తర్వాత ఏమైందో చెప్పనా? పానా తీసుకుని వీధిలోకి వెళ్ళా. మా ఇంటి వైరు పట్టుకుని దాని వెనకాలే నడిచా, ఎక్కడ మూసుకుపోయిందో చూద్దామని. స్తంభం ఎక్కా. ఎక్కి చూద్దును కదా, పైన గుమ్మడికాయంత ముడి. ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో, మూడు వీధుల వైర్లు అందులో చిక్కుకుని ఉన్నాయి. దాని వెనకాల నెట్టంతా ఆగిపోయి వైరు ఉబ్బిపోయి ఉంది, ఇంత లావు! వేలితో నొక్కితే లోపల పాటలు వినిపిస్తున్నాయి. ఎవరో పెళ్ళికూతురు ఫొటో సగం బయటికి కూడా వచ్చేసింది."

"ఏ సగం?"

"పై సగమే బావా, నోరు మూసుకో. అప్పుడు ఆ ముడికి పానా వేసి ఒక్క తిప్పు తిప్పా. అంతే. ధార! అలాంటి ధార పెద్ద ట్యాంకు పగిలినప్పుడు కూడా చూడలేదు నేను. ఆరు నెలల నుంచి ఆగిపోయిన నెట్టు ఒక్కసారి దూకింది. వీధిలో అందరి ఫోన్లూ ఒకేసారి గంట కొట్టాయి. ఎప్పుడో అలిగి పుట్టింటికి వెళ్ళినావిడకి మొగుడు పంపిన క్షమాపణ అప్పుడు చేరింది, ఆవిడ అప్పటికే తిరిగొచ్చి ఇంకో గొడవ మొదలుపెట్టింది. ఆ ధారకి నా చేయి జారింది. వైరుని పట్టుకుని వేలాడుతున్నా, అది నన్ను ఈడ్చుకుపోతోంది, స్తంభం తర్వాత స్తంభం, ఊరు దాటాం, కొండలు దాటాం, నా చెప్పు ఒకటి ఏదో ఊరి బడి మీద పడింది, చూస్తే ఎదురుగా సముద్రం."

"అయ్యో," అంది పిన్ని. "మళ్ళీ చెప్పు పోయిందా?"

"చెప్పు సంగతి తర్వాత. సముద్రం అడుగున పెద్ద లైను ఉంటుంది, దేశాలన్నిటికీ నెట్టు అందులోంచే. దిగా. ఊపిరి బిగపట్టి ముప్పావు గంట. దిగి చూస్తే, ఇదీ అసలు జబ్బు, ఎవరూ కనిపెట్టలేకపోయారు, ఆ లైను మీద ఒక చేప పడుకుని ఉంది. చేపంటే మన మేడంత. చూలు చేప, పాపం. లైను వెచ్చగా ఉంటుంది కదా అని దాని మీద ఒత్తిగిలి పడుకుంది. నలభై దేశాలకి నెట్టు స్లో. నేను ఏం చేశాను? ఇంకోడైతే పానాతో పొడిచేవాడు. నేను దాని చెవి దగ్గరికి వెళ్ళి 'అమ్మలూ, కొంచెం జరుగు తల్లీ, పైన నా కూతురికి ఇంటర్వ్యూ ఉంది' అన్నా."

"నీళ్ళలో నోరు తెరిచావా?" అన్నాడు టైలరు.

"కళ్ళతోనే అన్నా. ఆడపిల్లల తండ్రి కళ్ళతో అడిగితే చేపలకి అర్థమవుతుంది. జరిగింది. మళ్ళీ వైరు పట్టుకుని వచ్చేశా. వచ్చేసరికి ఇంట్లో నెట్టు ఎలా ఉందో తెలుసా? మా ఆవిడ వాళ్ళ అక్కకి మెసేజ్ పెడదామని వేలు ఎత్తింది, టైపు చెయ్యకముందే 'సరే, అలాగే కానీ' అని అటునుంచి జవాబు వచ్చేసింది, ఏం అడగబోయిందో మా ఆవిడ ఇప్పటికీ ఆలోచిస్తోంది. మూడు గంటల సినిమా పెడితే, పిన్నీ, నువ్వు టీలో పంచదార వేసేలోపు అయిపోయి, ఏడ్చేవాళ్ళు ఏడ్చేసి, లేచి వెళ్ళిపోయారు. కంప్యూటర్లో గడియారం రేపట్లోకి వెళ్ళిపోయింది. రేపు వాన, అందుకని తెర తడిసిపోయి ఉంది. గుడ్డ పెట్టి తుడిచా."

బల్ల చివర కొత్తాయన బిస్కెట్టు టీలో విరిగి పడిపోయింది. తీసుకోకుండా వింటున్నాడు.

"అప్పుడు అమ్మాయి ఇంటర్వ్యూ." ఇక్కడికొచ్చేసరికి మేస్త్రీ గొంతు కొంచెం దిగింది. ప్రతి రోజూ ఇక్కడ దిగుతుంది. "అవతల ముగ్గురు కూర్చున్నారు. అమ్మాయి తను గీసిన ఇల్లు తెర మీద పెట్టింది. పెట్టగానే, టక్, మొత్తం ఇల్లు. గుమ్మం, గదులు, వంటిల్లు, స్నానాలగది, పైన ట్యాంకు, అన్నీ. ఎంత బాగా వచ్చిందంటే ఆ ముగ్గురూ కుర్చీల్లోంచి లేచి ఆ ఇంట్లోకి నడిచి వెళ్ళిపోయారు. వెళ్ళి తలుపులు తీసి చూశారు, కిటికీలు వేసి చూశారు. అందులో ఒకాయన వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పాడు. నీళ్ళొచ్చాయి! గీసిన కొళాయిలో నీళ్ళు! ఆయన మొహం కడుక్కుని బయటికొచ్చి, 'ఇంక అడిగేదేం లేదమ్మా, రేపటి నుంచి వచ్చెయ్' అన్నాడు. అప్పుడు మా అమ్మాయి ఇలా కుర్చీలో వెనక్కి తిరిగి, నా వైపు చూసి ఏమందో తెలుసా? 'అంతా నీ వల్లే నాన్నా' అంది."

పాలు పొంగబోతే పిన్ని మంట తగ్గించింది. ఈ మాట దగ్గరికొచ్చాక ఆయన భుజం మీద తువ్వాలుతో మొహం తుడుచుకుంటాడని, ఆ తర్వాత కాసేపు ఎవరి మొహం చూడడని ఆవిడకి తెలుసు. మరి ఉద్యోగం వచ్చేస్తే ఇవాళ ఇంకో ఇంటర్వ్యూ దేనికని అడగొచ్చు. ఆవిడ అడగలేదు.

బల్ల చివరాయన గ్లాసు కింద పెట్టాడు.

"మేస్త్రీగారూ, ఒక్క సందేహం."

"అడుగు తమ్ముడూ."

"పైపు జాయింట్లకి చుడతారు కదా, తెల్ల టేపు. పల్చగా ఉంటుంది, నీళ్ళు కారకుండా."

"అవును. అది లేనిదే జాయింటు లేదు."

"మీ ఇంటి నెట్టు వైరు కొసకి ఆ టేపు ఏడు చుట్లు చుట్టి ఉంది. నేనే విప్పాను. అది సముద్రం అడుగున చుట్టారా, అటక మీద చుట్టారా?"

టైలరు 'హ' అని నవ్వు మొదలుపెట్టి, మేస్త్రీ మొహం చూసి అక్కడే మింగేశాడు.

మేస్త్రీ ఆ మనిషి ఒళ్ళో సంచీ అప్పుడు చూశాడు. సంచీలోంచి నల్ల వైరు చుట్ట బయటికి కనిపిస్తోంది. కొట్టు పక్కన స్కూటరుకి కట్టిన నిచ్చెన కూడా అప్పుడే కనిపించింది. ఇంటర్వ్యూ చెడిన రోజు సాయంత్రం నెట్టు లైన్‌మన్ వచ్చి బాగుచేసి వెళ్ళాడని భార్య చెప్పింది. తను చూడలేదు. ఎక్కడో పైపు పగిలిందని అబద్ధం చెప్పి ఆ సాయంత్రం అంతా ఎవరిదో సగం కట్టిన ఇంట్లో ఇసక మీద కూర్చున్నాడు.

"నువ్వా," అన్నాడు మేస్త్రీ.

"నేనే. ఏమనుకోకండి, చేప దాకా ఆపుదామనుకోలేదు నేను, బాగా చెప్పారు. కానీ ఆ మాట దగ్గర..." లైన్‌మన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నేను వచ్చేసరికి మీ అమ్మాయి అలాంటి టేపు ముక్కే ఒకటి చేతిలో పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. డబ్బా ఎక్కడమ్మా అంటే అటక చూపించింది. అటక మీద, స్టీలు బిందెల మధ్య, ఇత్తడి గంగాళంలో. ఎవరు పెట్టారమ్మా అంటే చెప్పలేదు. అడక్కూడదు గానీ, అక్కడ ఎందుకు పెట్టారండీ?"

మేస్త్రీ నేల వైపు చూస్తూ చెప్పాడు.

"ట్యాంకు ఎత్తులో ఉంటే ధార బాగా వస్తుంది."

"అది నీళ్ళకి."

"నీళ్ళకే."

"నెట్టు దీపం లాంటిదండీ. దీపాన్ని గంగాళంలో పెడితే గదికి వెలుతురు ఎక్కడినుంచి వస్తుంది? అక్కడ పెట్టినప్పటి నుంచే స్లో అయింది. పక్కింటివాళ్ళ తప్పేం లేదు. డబ్బా తీసుకొచ్చి అమ్మాయి బల్ల మీద పెట్టి, కంప్యూటర్‌కి నేరుగా ఒక వైరు తగిలిస్తే చాలు, ఇవాళ పొద్దున నేను ఫోన్లో చెప్తే అమ్మాయి చేసింది కూడా అంతే. కానీ మీరు కొస పీకి, ఊది, మెలితిప్పి టేపు చుట్టారే, ఆ వైరులో ఉండేది గాజు పోగండీ, వెంట్రుకంత. అది విరిగిపోయింది. స్లోగా అయినా వస్తున్నది పూర్తిగా ఆగిపోయింది."

"ఊదితే గాలి పోతుందనుకున్నా," అన్నాడు మేస్త్రీ.

పిన్ని ఆయన చేతిలో చల్లారిన గ్లాసు తీసుకుని వేడి టీ పెట్టింది. అడగలేదు, పెట్టింది. ఆయన తాగలేదు.

"అయితే ఇవాళ మళ్ళీ లైను పోతుందేమోనని కూర్చున్నావా తమ్ముడూ?" అన్నాడు టైలరు, ఏదో ఒకటి మాట్లాడాలని.

లైన్‌మన్ ఇబ్బందిగా కదిలాడు. "లైను గట్టిగానే ఉంది. అమ్మాయిగారే ఫోన్ చేసి ఒక గంట ఇక్కడ కూర్చోమన్నారు." ఆగి, ఇంక దాచడం ఎందుకనుకున్నట్టున్నాడు. "ఈయన మెట్లెక్కబోతే మాటల్లో పెట్టమన్నారు."

టైలరు కొలతల టేపు వేలికి చుట్టుకుంటూ రోడ్డు వైపు చూశాడు.

మేస్త్రీ వేడి గ్లాసుని బల్ల మీద అటూ ఇటూ జరిపాడు. ఈయన మాట్లాడకపోతే ఆ కొట్టులో ఇంత నిశ్శబ్దం ఉంటుందని అక్కడ ఎవరికీ తెలీదు. స్టవ్వు చప్పుడు వినిపిస్తోంది. చివరికి ఆయన మొదలుపెట్టాడు, ఈసారి చేతులు ఊపలేదు, గొంతు పెంచలేదు, ఎవరికి చెప్తున్నాడో కూడా తెలీలేదు.

"నేను వంటింట్లో ఉన్నా. చప్పుడు చెయ్యకుండా స్టూలు మీద కూర్చుని ఉన్నా. తలుపు సందులోంచి అమ్మాయి వీపు కనిపిస్తోంది. కొత్త చొక్కా వేసుకుంది, కాలరు వెనకాల మడత పడి ఉంది, వెళ్ళి సర్దుదామనుకున్నా, వెళ్ళకూడదు కదా. బాగానే మాట్లాడుతోంది. అప్పుడు ఇల్లు చూపించమన్నారు. పెట్టింది. సగం వచ్చింది. గుమ్మం, ముందుగది, పడగ్గది సగం. అక్కడ ఆగిపోయింది. అవతలాయన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు తెర మీద. మా అమ్మాయి, 'వినిపిస్తోందా సార్? వినిపిస్తోందా? మిగతాది వస్తుంది సార్, ఒక్క నిమిషం' అంటోంది. 'వంటిల్లు ఇంకా రాలేదు సార్, అదే బాగా గీశాను' అంది. ఆ మాట విని ఎలా కూర్చోను చెప్పండి? వంటింటి పైపులు ఎలా వెయ్యాలో దానికి చెప్పింది నేను. స్టూలు అటక కింద వేసుకుని ఎక్కేశా. లాగేశా. ఊదేశా. జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది. బిగించి, దిగి, వెళ్ళి దాని వెనకాల నిలబడి, 'ఇప్పుడు చూడు తల్లీ ధార' అన్నా."

"ఏమంది?" అంది పిన్ని, మెల్లగా.

"తెర నల్లగా ఉంది. అయినా రెండు మూడు మాటలు దానితోనే మాట్లాడింది, సార్, సార్ అని. తర్వాత వెనక్కి తిరిగింది. నా చేతిలో టేపు చుట్ట చూసింది. అరవలేదు. అరిస్తే నేను కూడా అరిచి, కాసేపు పోట్లాడుకుని, సాయంత్రానికి మర్చిపోయేవాళ్ళం. మెల్లగా అంది. 'అంతా నీ వల్లే నాన్నా' అంది."

టైలరు తల దించుకున్నాడు. రోజూ వింటున్న మాటే.

"అందులో నేను కల్పించని మాట అదొక్కటే," అన్నాడు మేస్త్రీ. "మాట అదే. దాన్ని ఇంకోలా వినాలని అనుకుని, అనుకుని, స్తంభం దాకా, సముద్రం దాకా వెళ్ళాను. అక్కడికి వెళ్ళొచ్చి చెప్తే మంచి మాటలా ఉంటుంది. ఇంటికి వెళ్ళాక మళ్ళీ మామూలుగానే వినిపిస్తుంది."

"ఆ అమ్మాయికి చెప్పావా, తప్పు నాదేనని?" అంది పిన్ని.

"ఎలా చెప్పను? నన్ను చూస్తే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతుంది."

"పక్క గది సముద్రం కంటే దూరమా అన్నా? ఇరవై మూడు రోజుల నుంచీ మాకు చెప్తున్నావు. నేను చేపని కూడా విన్నాను. నువ్వు చెప్పాల్సిన మనిషి మేడ మీద ఉంది. గుమ్మంలో నిలబడి చెప్పు, తలుపు వేసేస్తే తలుపుకి చెప్పు. గోడ లోపల పైపు చప్పుడు నువ్వు విన్నట్టే, గోడ అవతలి మాట అది వింటుంది. నీ కూతురే కదా."

మేస్త్రీ తల ఊపాడు. ఆ మాట ఎవరి ముందైనా ఒకసారి అని చూసుకుంటే పైకి వెళ్ళాక అనడం తేలికవుతుందేమో అనిపించినట్టుంది. లైన్‌మన్ వైపు తిరిగాడు.

"తమ్ముడూ, నువ్వు విను. చెప్పేటప్పుడు నేను చేపలూ అవీ కలిపేస్తే ఆపు. తిన్నగా చెప్పడం నాకు అలవాటు లేదు. అమ్మా, ఆ డబ్బా అటక మీద పెట్టింది నేనే. నీకు చెప్పకుండా పెట్టా. నాకు తెలీదు అనడానికి సిగ్గేసి, తెలుసు అనుకుని..."

"నాన్నా!"

నలుగురూ ఒకేసారి తలెత్తారు. కటకటాల మీద తువ్వాలు లేదు. తువ్వాలు ఉండాల్సిన చోట అమ్మాయి నిలబడి ఉంది. కొత్త చొక్కా, కింద ఇంట్లో వేసుకునే పాత పైజమా, చెవులకి ఇంకా తగిలించి ఉన్న ఇయర్‌ఫోన్లు. వెనకాల తల్లి ఎర్ర తువ్వాలు చేత్తో పట్టుకుని, ఇంక దాన్ని ఏం చెయ్యాలో తెలీనట్టు నిలబడి ఉంది.

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. తనని కాదేమో పిలిచింది అన్నట్టు ఒకసారి వెనక్కి కూడా చూసుకున్నాడు.

"అయిపోయింది," అంది అమ్మాయి పైనుంచి. గొంతు మామూలుగానే ఉంది, అంత మెత్తగానూ లేదు, గట్టిగానూ లేదు. "వాళ్ళకి ఇల్లు మొత్తం కనబడింది. వంటిల్లు కూడా."

"అలాగా తల్లీ," అన్నాడు మేస్త్రీ. అది రోడ్డు దాటి పైకి వినిపించి ఉండదు.

అమ్మాయి కటకటాలు పట్టుకుని కాసేపు కిందికి చూసింది. లైన్‌మన్‌నీ చూసింది, ఆయన టోపీ పెట్టుకుని ఇంక నా పని అయిందన్నట్టు చెయ్యెత్తాడు. తర్వాత తండ్రి వైపు చూసింది.

"వంటింట్లో కొళాయి రావట్లేదు నాన్నా. ట్యాంకు నిండుగానే ఉంది, చూశాను. గాలి పట్టినట్టుంది. ఒకసారి పైకి వస్తావా?"

"మరి నువ్వు అనబోయిన ఆ మాట..." అన్నాడు టైలరు.

"ఉండు బావా, పిలుస్తోంది, నేను మళ్ళీ..."